నూరు గొడ్లు తిన్న రాబందు రాస్తున్న ఉత్తరం

శ్రీకాకుళం జిల్లాలోని లారీ యజమానులకు, సంతల నుంచి పశువులను తరలించే వ్యాన్ల యజమానులకు నమస్కారం.

కిందటి నెల మన సమావేశంలో నేను లేచి, మన బండ్లలో పశువులను కుక్కే తీరు గురించి రెండు మాటలు చెప్పబోతే, వెనక వరసలోంచి ఒక పెద్దాయన "నూరు గొడ్లు తిన్న రాబందుకు ఒక గాలివాన" అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. సామెత అంత సరిగ్గా అతికినప్పుడు నవ్వక తప్పదు. ఇంతలో టీలు వచ్చాయి, డీజిలు ధర మీదికి మాట మళ్లింది, నా రెండు మాటలు నోట్లోనే ఉండిపోయాయి. అవి ఇప్పుడు పెరిగి ఇంత ఉత్తరం అయ్యాయి. మన్నించాలి.

పెద్దాయన చెప్పిన లెక్క ఒక్కటే తప్పు. నూరు కాదు. వారానికో సంత, సంతకో లోడు చొప్పున పదకొండేళ్లు నా లారీలు పశువులను మోశాయి. ఖాతా పుస్తకాలు నేను పారేయలేదు. మొన్న కూర్చొని కూడితే పద్నాలుగు వేలు దాటింది. ప్రతి లోడు ఎదుటా తేదీ, కిరాయి, డీజిలు, దారి ఖర్చులు ఉన్నాయి. దారి ఖర్చులు అంటే ఏమిటో మీకు నేను విడమరచి చెప్పనక్కరలేదు.

గాలివాన మాట కూడా నిజమే. నా గాలివానకు పేరుంది, తిత్లీ.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస పడిపోయిన తీరు మీరూ చూశారు. మనుషుల కష్టం గురించి అప్పట్లో చాలామంది రాశారు. పశువుల సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు. పాకలు కూలాయి, గడ్డివాములు తడిసి కుళ్లాయి. పొలంలో వరి నేలకొరిగింది, అంటే వచ్చే ఏడాది గడ్డి కూడా అక్కడే పోయింది. మేపలేక రైతులు గొడ్లను సంతకు తోలుకొచ్చారు. ఒక్కసారిగా అన్ని వస్తే ధర ఏమవుతుంది? దలారులకు పండగైంది, నాకూ పండగే అయింది. ఆ చలికాలం సంపాదించినంత నేను అంతకు ముందు ఏ ఏడాదీ సంపాదించలేదు. ఉద్దానానికి ఉచితంగా బియ్యం చేరవేశానని ఊళ్లో నాకు శాలువా కూడా కప్పారు. బియ్యం చేరవేసిన మాట వాస్తవం. తిరుగు ప్రయాణంలో ఆ లారీ ఖాళీగా రాలేదు, అదీ వాస్తవం.

సంత నాకు కొత్త కాదు. చిన్నప్పుడు మా నాన్న వెంట కోటబొమ్మాళి మండలం నారాయణవలస సంతకు వెళ్లేవాణ్ణి. పళ్లు చూసి వయసు చెప్పడం, తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని బేరం చేయడం, సుడులు చూడటం అన్నీ అక్కడ నేర్చినవే. బేరం తెగాక మా నాన్న ఒక పని తప్పకుండా చేసేవాడు. అమ్మిన ఎద్దు మెడనుంచి తన తాడు విప్పి చుట్టచుట్టి భుజాన వేసుకునేవాడు. గొడ్డును ఇస్తారు గాని పలుపు ఇవ్వరు. ఇస్తే ఇంట్లో పాడి పోతుందని నమ్మకం. కొనుక్కున్నవాడు తన తాడు తాను తెచ్చుకోవాలి. అందుకే ఏ పశువుల సంతలో చూసినా పక్కనే తాళ్లమ్మేవాళ్లు ఉంటారు. ఆ రోజుల్లో నార తాళ్లు, ఇప్పుడు నీలం నైలాన్ తాళ్లు.

ఆ నీలం తాళ్ల గురించే చెప్పాలి.

2019లో సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు. రాత్రి రెండింటికి డ్రైవరు ఫోను చేశాడు. రణస్థలం దాటాక వెనక యాక్సిల్ విరిగింది, బండి పక్కకు ఒరిగింది, లోపల సరుకు అల్లాడుతోంది, రమ్మన్నాడు. మన భాషలో అది సరుకే కదా. నేను మెకానిక్‌ను వెంటబెట్టుకొని వెళ్లాను. టార్పాలిన్ నాలుగు వైపులా బిగించి కట్టి ఉంది. డాలా, అంటే బండి వెనక పలక, దించగానే వచ్చిన వేడి ఆవిరి నా కళ్లజోడు మీద పొగమంచులా పట్టేసింది. జనవరి చలిలో అంత వేడి. అద్దాలు తుడుచుకొని టార్చి వేశాను.

ముందు కనబడ్డవి తాళ్లు. ఇరవై మూడు ముకుతాళ్లు, అన్నీ ఒకే నీలం, అన్నీ ఒకే దుకాణంలో కొన్నవి, పైనున్న ఇనుప కడ్డీకి ఒకే పొడవున బిగించి కట్టినవి. ఏ గొడ్డు ఎవరింటిదో చెప్పే తాడు ఒక్కటి లేదు. కొమ్ముల మీద మాత్రం కనుమ నాటి రంగులు ఉన్నాయి. ఒకదానికి ఎరుపు, ఒకదానికి పచ్చ, ఒకదానికి కొమ్ము మొదట్లో పసుపు రాసి చివర ఇత్తడి కుప్పె తీసిన గుర్తు. నాలుగు రోజుల కిందట ఎవరో వాటికి స్నానం చేయించి పొంగలి పెట్టారు.

నాలుగు చనిపోయి ఉన్నాయి. చనిపోయినా తాడుకు వేలాడుతున్నాయి, ఎందుకంటే కూలబడటానికి కింద చోటు లేదు. బతికున్నవాటిలో ఒక తెల్ల ఎద్దు కన్ను టార్చి వెలుగులో పండిన టమాటాలా ఉంది. దాని తోక మూడు చోట్ల వంకర తిరిగింది. క్లీనరు కుర్రాడికి పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో, నేను అడగకుండానే సంజాయిషీ చెప్పాడు: "నిలబెట్టకపోతే ఎలాగండీ? పడుకుంటే మిగతావి తొక్కి చంపేస్తాయి. కారం కొడితే లేస్తాయి." వాడు దాన్ని దయగానే చెప్పాడు. కారం పొట్లం కేబిన్‌లో, దేవుడి పటం పక్కనే, అగరొత్తుల కట్టతో పాటు ఉంది. ఆ పొట్లానికి డబ్బులు నా దారి ఖర్చుల్లోనివే.

ఇక్కడ నాకు జ్ఞానోదయం అయిందని రాస్తే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. నేను చేసింది ఏమిటంటే, రోడ్డు గట్టు మీద నిలబడి దలారీకి ఫోను చేశాను. చచ్చిన నాలుగింటి నష్టం ఎవరిది? కిరాయిలో కోస్తానని ఆయన, యాక్సిల్ విరగడం దైవికమని నేను. నలభై నిమిషాలు వాదించుకున్నాం. నేనే గెలిచాను, రెండింటి నష్టం ఆయన భరించేలా ఒప్పించాను. ఆ నలభై నిమిషాలూ టార్పాలిన్ కింద పంతొమ్మిది నిలబడే ఉన్నాయి. నాకు ఇప్పటికీ మెలకువ తెప్పించేది ఆ నాలుగు చావులు కాదు, బేరం గెలిచినప్పుడు నాకు కలిగిన సంతోషం.

1959లో మద్రాసులో కెప్టెన్ సుందరం అనే పైలట్ వరద నీళ్లలో కొట్టుకుపోతున్న రెండు కుక్కపిల్లలను చూసి ఇంటికి తెచ్చుకున్నాడు. బ్లూ క్రాస్ అక్కడే మొదలైంది. ఆయనకు రెండు కుక్కపిల్లలు చాలాయి. నాకు పద్నాలుగు వేలు చాలలేదు. ఆ రాత్రి తర్వాత ఇంకా నాలుగు నెలలు లోడు వేశాను.

ఆపించింది దయ కాదు, ఒక తలుపు.

అదే ఏడాది మే నెలలో నా లారీ ఒకటి పోలీసులకు దొరికింది. వకీలు నా చేతిలో కొన్ని కాగితాలు పెట్టి, చదువుకొని రమ్మన్నాడు. పశువుల రవాణా నిబంధనలు, 1978 నాటివి. పదకొండేళ్లు ఆ వ్యాపారం చేసి, వాటిని చదవడం అదే మొదటిసారి. ఒక్కో పశువుకు రెండు చదరపు మీటర్ల చోటు ఉండాలి. సరుకుల లారీలో ఆరింటికి మించి ఎక్కించకూడదు. నేల జారకుండా కొబ్బరి పీచు చాపలో, చెక్కలో పరవాలి. ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉన్నట్టు పశువైద్యుడి ధ్రువపత్రం ఉండాలి, అది లేకపోతే రవాణా చేసేవాడు పశువులను ఎక్కించుకోనే కూడదు. గమనించండి, ఆ చివరిది రైతు మీద, దలారీ మీద పెట్టిన బాధ్యత కాదు, మన మీద పెట్టింది.

రెండు చదరపు మీటర్లంటే ఎంతో నాకు తట్టలేదు. మనకు అలవాటైనవి అడుగులు, గజాలు. ఆ రోజుల్లోనే మా ఇంట్లో వడ్రంగి పని జరుగుతోంది. వీధి తలుపు వానకు ఉబ్బితే, దాన్ని విప్పి వరండాలో పడుకోబెట్టి చిత్రిక పడుతున్నాడు. ఏడడుగులు, మూడడుగులు. ఇరవై ఒక్క చదరపు అడుగులు. రెండు చదరపు మీటర్లు దాదాపు అంతే. ఒక తలుపు, ఒక ఎద్దు. నా లారీ బాడీ ఇరవై రెండడుగుల పొడవు, ఏడున్నర వెడల్పు. అడ్డంగా పరిస్తే ఏడు తలుపులు పడతాయి. నేను ఎక్కించినవి ఇరవై మూడు. అంటే తలుపులో మూడో వంతు మీద ఒక ఎద్దును నిలబెట్టి, అలా నాలుగు వందల కిలోమీటర్లు. వడ్రంగిని పక్కకు తప్పుకోమని, ఆ తలుపులో మూడో వంతుకు సుద్దముక్కతో గీత గీసి అందులో నేను కూర్చున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి, వడదెబ్బ తగిలిందేమోనని మజ్జిగ తెచ్చింది.

మీరు తర్వాత ఏమంటారో నాకు తెలుసు, నేనూ అదే అన్నాను. ఆరింటికి గిట్టదు. నిజంగానే గిట్టదు. డీజిలు, టోలు, డ్రైవరు బత్తా, టైర్ల అరుగుదల వేసుకుంటే ఆరు పశువుల కిరాయితో బండి విజయనగరం కూడా దాటదు. ఇరవై మూడు ఎక్కిస్తేనే లాభం. అయితే ఆ లాభం ఎక్కడి నుంచి వస్తోంది? ఇంజను నుంచి కాదు, నా తెలివి నుంచి కాదు. మిగతా పదిహేడింటి పక్కటెముకల సందుల్లోంచి వస్తోంది. ఆరింటికి గిట్టదంటే ఆ వ్యాపారమే గిట్టదని అర్థం. బియ్యమైతే పది టన్నుల బండిలో ఇరవై టన్నులు వేస్తే ఏమవుతుందో మనకు తెలుసు, టైరు పేలుతుంది, అందుకే వేయం. ఎద్దు పేలదు. మనకున్న సౌకర్యం అదొక్కటే.

అంతే, లారీలు మూడు అమ్మేశాను. రెండు ఉంచుకొని ఎరువులు, ధాన్యం తోలుతున్నాను. నరసన్నపేట దగ్గరి షెడ్డు ఖాళీ అయింది. అప్పటికే పోలీసులు పట్టుకున్న పశువులను ఎక్కడ ఉంచాలో తెలియక స్టేషను ఆవరణలో కట్టేస్తున్నారు. నా లారీలో దొరికినవే పదహారు ఉన్నాయి. వాటిని నా షెడ్డుకు తెచ్చుకున్నాను. మా పశువుల ఆశ్రమం అలా మొదలైంది, ముహూర్తం ఏమీ పెట్టలేదు.

అక్కడ ఏం జరుగుతుందో వచ్చి చూడమని ఎందరినో పిలిచాను, ఎవరూ రాలేదు. కాబట్టి ఒక్కటి చెబుతాను. లారీలో గంటలకొద్దీ నలిగిన పశువు ఒకసారి కూలబడితే దాన్ని లేపడం ఎంత కష్టమో మీకు తెలియదు, ఎందుకంటే మనం దించేసి వచ్చేసేవాళ్లం. నాలుగు వందల కిలోల శరీరం ఒకే వైపు పడి ఉంటే, కింద నలిగిన కాలి కండలు చచ్చిపోతాయి. కొన్ని గంటలకోసారి పక్క మార్చాలి. ఎండుగడ్డి మెత్తగా వేయాలి. రోజుకు రెండుసార్లు లేపి నిలబెట్టాలి. ఎలా లేపాలా అని తల పట్టుకుంటే మా మెకానిక్కే దారి చూపాడు. లారీ ఇంజను పైకెత్తే చైన్ పుల్లీ షెడ్డులో దూలానికి వేలాడుతూనే ఉంది. పాత టార్పాలిన్ రెండు మడతలు పెట్టి కుట్టి, పొట్ట కింద నుంచి వేసి, పుల్లీతో అంగుళం అంగుళం లేపుతాం. గిట్టలు నేలను తాకగానే ఆపాలి, అప్పుడు ఒళ్లంతా వణుకుతుంది. ఆ వణుకు మంచిదట, కండ పనిచేస్తోందని గుర్తు. మెకానిక్ ఆ సమయంలో దాని వెన్ను మీద చెయ్యి వేసి, ఇంజను చప్పుడు వింటున్నట్టు తల వంచి వింటాడు. ముప్పై ఏళ్లు ఇంజన్లు విప్పిన చెయ్యి అది. స్టేషను నుంచి తెచ్చినవాటిలో ఒక ఎద్దు పదకొండో రోజున తనంతట తాను నిలబడింది. దానికి ఒక కన్ను పోయింది. ఇప్పుడు అటువైపు నుంచి వచ్చే ఎవరినైనా తన్నుతుంది, నన్ను మరీనూ.

రాబందు అన్నారు కాబట్టి ఇంకో సంగతి. ఒంటి నొప్పులకు పశువులకు పొడిచే డైక్లోఫెనాక్ సూది మనందరికీ తెలుసు, నా కేబిన్లలో కూడా ఉండేది. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన గొడ్డును తింటే రాబందుకు మూత్రపిండాలు పాడై చచ్చిపోతుంది. దేశంలో రాబందులు తుడిచిపెట్టుకుపోవడానికి ప్రధాన కారణం అదేనని తేలాక, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మా షెడ్డులో ఇప్పుడు మెలాక్సికామ్ వాడుతున్నాం. సామెతలో రాబందును ఒక గాలివాన చంపింది. బయట మాత్రం గొడ్డే రాబందును చంపింది, మనం పొడిచిన సూదితో. నన్ను వెక్కిరించడానికి పెద్దాయన ఎంచుకున్న పక్షిని మీ మనవలు బొమ్మలోనే చూడాలి.

ఇక చట్టం మాట. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా పట్టుపట్టబట్టే అది వచ్చింది. అందులో మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల వరకు. నేటికీ అంతే. మీరు నవ్వుతారు, నేనూ ఒకప్పుడు దాన్ని టీ ఖర్చులో రాసుకున్నాను. కానీ ఆ యాభై రూపాయలనే చూసుకొని కూర్చుంటే మునుగుతారు. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, పట్టుబడిన పశువుల మేత, వైద్యం, తరలింపు ఖర్చులు లారీ యజమాని, పంపినవాడు, తీసుకునేవాడు అందరూ కలిసి, విడివిడిగానూ భరించాలి. కేసు తేలేదాకా బండిని హామీగా ఉంచమని మేజిస్ట్రేటు ఆదేశించాలి. పశువును చంపితే, పనికిరాకుండా చేస్తే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను కింద అయిదేళ్ల దాకా జైలు. పశువులకు కరగని గుండె కిస్తీలకైనా కరుగుతుందేమోనని చెబుతున్నాను.

జైలుకు పోయేది మనం కాదు, అదీ చెప్పుకోవాలి. డ్రైవరూ, ఆ పద్దెనిమిదేళ్ల క్లీనరూ పోతారు. మనం వకీలును పెట్టి ముందు బండిని విడిపిస్తాం, తర్వాత తీరిక దొరికితే మనిషిని. నేను అలాగే చేశాను. ఇంకొందరున్నారు, రాత్రిపూట కర్రలు పట్టుకొని రోడ్డుమీద బండ్లు ఆపి, డ్రైవరు పేరడిగి కొట్టేవాళ్లు. వాళ్లు నా దగ్గరికి కూడా వచ్చారు, మనం మనం ఒకటే కదా అన్నట్టు. వాళ్లలో ఒక్కడు కూడా తర్వాత మా షెడ్డుకు గడ్డి మోపు తేలేదు, పేడ ఎత్తలేదు. వాళ్లతో నన్ను కలపవద్దు.

రైతునూ తిట్టలేను. ట్రాక్టరు వచ్చాక దుక్కిటెద్దుకు పని లేదు. కోతయంత్రం వచ్చాక గడ్డి పొట్టిదై పొలంలోనే మిగిలిపోతోంది, కొందామంటే మండిపోతోంది. మగదూడ పుడితే పాలవాడికి భారం. 2012లో దేశంలో ఎద్దులు, కోడెలు, మగదూడలు కలిపి సుమారు 6 కోట్ల 79 లక్షలు ఉంటే, 2019 పశుగణన నాటికి 4 కోట్ల 74 లక్షలకు తగ్గాయి. ఏడేళ్లలో రెండు కోట్లు. పెంచుకోలేనివాడు అమ్ముతాడు, అది ఆపమని నేను అనడం లేదు. అమ్మిన చోటు నుంచి కొన్న చోటికి చేరేవరకు మధ్యలో ఉన్నది మనం. ఆ మధ్య గురించే నా గొడవంతా.

నేను అడిగేవి పెద్దవి కావు. ఆరింటికి మించి ఎక్కించబోమని మనమందరం ఒకే మాట మీద ఉంటే, కిరాయి తలకు ఇంత అని మనమే పెంచుకోవచ్చు. ఒక్కడు ఉంటే పక్కవాడు లోడు పట్టుకుపోతాడు, నాకు అదే జరిగింది. దూరం బేరాలు పోతాయి, పోనివ్వండి. సంత నుంచి చుట్టుపక్కల ఊళ్లకు పాడి గొడ్లను చేర్చే చిన్న ట్రిప్పులు మిగులుతాయి, వాటిలో ఆరింటికీ గిడుతుంది, నా పాత పుస్తకాల్లో లెక్క ఉంది, చూపిస్తాను. సంతల దగ్గర ఎక్కించడానికి వాలు గట్టు లేదు. రోడ్డు పక్క మట్టిదిబ్బకు బండి ఆనించి, తోక మెలిపెట్టి, నలుగురు తోసి ఎక్కిస్తున్నారు, సగం కాళ్లు అక్కడే విరుగుతున్నాయి. ఒక సంతలో సిమెంటు గట్టు, నీళ్ల తొట్టి కట్టించడానికి నేను సిద్ధం. స్థలం చూపించమని మార్కెట్ వాళ్లను అడగడానికి నాతో పదిమంది రండి, ఒక్కణ్ణి పోతే ఎద్దుల సన్యాసి వచ్చాడని బల్ల మీద కాగితాలు సర్దుకుంటున్నారు. ఖాళీ ధ్రువపత్రాల మీద ముందే సంతకాలు కొనుక్కునే అలవాటు మానండి. కేబిన్‌లో కారం పొట్లం కనబడితే డ్రైవరును కాదు, మిమ్మల్ని మీరు అడగండి, దానికి డబ్బులు ఎవరిచ్చారని.

వచ్చే సమావేశానికి కూడా వస్తాను. ఈసారి ఉపన్యాసం ఇవ్వను. ఆవరణలో నిలిపిన బండ్లలో ఏదో ఒకదాని డాలా దించండి చాలు. మా ఇంటి వీధి తలుపు చెదలు పట్టి కిందటేడు మార్చేశాం, పాతది షెడ్డులోనే ఉంది, సుద్దగీత మీద వార్నీషు కూడా వేయలేదు. దాన్ని ట్రాలీలో వేసుకొని తెస్తాను. బాడీలో పరిచి ఎన్ని పడతాయో మీరే లెక్క పెట్టండి. సామెత చెప్పిన పెద్దాయన ముందు వరసలో కూర్చుంటే సంతోషిస్తాను, ఆయన దగ్గర ఇంకా రెండు బండ్లు సంతకు తిరుగుతున్నాయి.

ఇట్లు,
ఒకప్పటి ఐదు లారీల యజమాని,
నరసన్నపేట